క్రోమ్ వేరు, గూగుల్ వేరు, ఇంటర్నెట్ వేరు

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. మాది కావలి దగ్గర పల్లెటూరు. పెళ్ళయి మద్రాసు వచ్చి నలభై ఏళ్ళు దాటింది, పెరంబూరులో ఉంటున్నాను. మావారు ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, మూడేళ్ళ క్రితం కాలం చేశారు. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. ఈబీ (కరెంటు) బిల్లు, పెన్షన్ పనులు, తిరుమల టికెట్లు అన్నీ ఇప్పుడు నేనే ఫోన్లో చూసుకోవాలి. అబ్బాయి "అమ్మా, బ్రౌజర్ ఓపెన్ చెయ్" అంటాడు. నేను గూగుల్ తెరుస్తాను. "అది కాదమ్మా, క్రోమ్" అని విసుక్కుంటాడు. రెండూ ఒకే రంగుల్లో ఉంటాయి, తేడా ఏమిటో తెలియదు. బ్రౌజర్ అంటే బ్రౌజింగ్ సెంటర్‌కి సంబంధించిందేమో అనుకునేదాన్ని. పోయిన నెల తిరుమలలో గది కోసం వెతికి మొదట వచ్చినదాన్ని నొక్కాను. వాట్సాప్‌లో మాట్లాడి 2,000 రూపాయలు పంపమన్నారు. సమయానికి పక్కింటి అమ్మాయి చూసి ఆపింది. ఫోన్లో రోజూ "మీ ఫోన్లో వైరస్ ఉంది" అని వస్తోంది. పైన చిన్న చదరంలో ఇదివరకు అంకె ఉండేది, ఇప్పుడు రెండు చుక్కలూ ఒక ఇంగ్లీషు డి అక్షరమూ వచ్చాయి. అదేనా వైరస్? ఒకసారి ప్రెషర్ కుక్కర్ ధర చూశాను, అప్పట్నుంచి ఏది తెరిచినా కుక్కరే కనిపిస్తోంది. మావారి పాత కంప్యూటర్లో నీలం రంగు 'ఈ' బొమ్మ నొక్కితే ఏదీ సరిగా తెరుచుకోదు. తమిళం మాట్లాడతాను గానీ చదవలేను. నేను మరీ ఇంత మొద్దునా అని బాధగా ఉంది.
ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు:

అమ్మా, ముందు ఆ చదరం సంగతి చెప్పేస్తాను, మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. అది వైరస్ కాదు. మీరు చూసిన పేజీలు ఒక్కొక్కటీ ఒక్కో ట్యాబ్‌గా తెరిచే ఉండిపోయాయి. ఎన్ని తెరిచి ఉన్నాయో ఆ చదరంలో అంకె చెబుతుంది. 99 దాటాక అంకె బదులు రెండు చుక్కలు, డి అక్షరం వచ్చేలా క్రోమ్ తయారుచేసినవాళ్ళు పెట్టారు. తల పక్కకు వాల్చి చూడండి, నవ్వుతున్న మొహంలా ఉంటుంది. ఆ చదరం నొక్కితే పేజీలన్నీ చిన్న చిన్న బొమ్మలుగా కనిపిస్తాయి. అక్కడ మూడు చుక్కలు నొక్కితే 'క్లోజ్ ఆల్ ట్యాబ్స్' అని వస్తుంది. దాన్ని నొక్కేయండి. సగం నింపి వదిలేసిన ఫారం ఏదైనా ఉంటే అది పోతుంది, అంతకు మించి మీకు నష్టమేమీ లేదు.

మొద్దునా అని అడిగారు. కాదు. 2009లో గూగుల్ కంపెనీవాళ్ళే న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి, దారినపోయేవాళ్ళను ఆపి "బ్రౌజర్ అంటే ఏమిటి?" అని అడిగారు. సరిగ్గా చెప్పినవాళ్ళు నూటికి ఎనిమిది మంది కూడా లేరు. చాలామంది చెప్పిన జవాబు "గూగుల్" అనే. మీరు పొరబడినచోటే వాళ్ళూ పొరబడ్డారు. ఇలా పొరబడడానికి కారణం ఉంది, అదీ చెబుతాను.

మీ చిన్నప్పుడు ఊళ్ళో పోస్టుమాన్ గుర్తున్నాడా? ఉత్తరం తెచ్చి ఇవ్వడమే కాదు, చదువురాని ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చదివిపెట్టేవాడు కూడా. బ్రౌజర్ చేసే పని అచ్చంగా అదే. మీరు ఒక చిరునామా ఇస్తారు. అది అక్కడికి వెళ్ళి, అక్కడున్న పేజీని తెచ్చి, మీకు అర్థమయ్యేలా చదివిపెడుతుంది. ఆ పేజీ బయల్దేరేటప్పుడు మనం చూసే రూపంలో ఉండదు. ఇక్కడ పెద్ద అక్షరాలు, ఇక్కడ బొమ్మ, ఇక్కడ నొక్కితే ఇంకో పేజీ అని గుర్తులు పెట్టిన ఒట్టి రాత మాత్రమే. ఆ గుర్తుల్ని చూసుకుని, రాతని మీ తెర మీద అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చేది బ్రౌజర్.

ఇంటర్నెట్ అంటే ఆ పోస్టుమాన్ తిరిగే రోడ్లు. టవర్లు, తీగలు, సముద్రం అడుగున వేసిన కేబుళ్ళు. సింగపూరు వైపు నుంచి వచ్చే కేబుళ్ళు మన చెన్నై తీరంలోనే ఒడ్డుకు చేరతాయి. 2020లో అండమాన్‌కు వేసిన కేబుల్ కూడా ఇక్కడి నుంచే వెళ్ళింది. ఇక గూగుల్ అంటే వీధి మొగలో మనం "ఫలానావాళ్ళ ఇల్లెక్కడ?" అని అడిగే మనిషి. తెలిసింది చెబుతాడు. ఒక్కోసారి డబ్బులిచ్చినవాళ్ళ ఇల్లు ముందు చూపిస్తాడు. చిరునామా మీ దగ్గరే ఉంటే అతన్ని అడగాల్సిన పనే లేదు.

మరి క్రోమ్? క్రోమ్ ఒక పోస్టుమాన్ పేరు. ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్, శాంసంగ్ ఫోన్లలో వచ్చే శాంసంగ్ ఇంటర్నెట్, ఇవన్నీ వేరే పోస్టుమాన్లు. అందరూ అవే వీధుల్లో తిరుగుతారు, అవే ఉత్తరాలు తెస్తారు. ఏది మంచిదని ఎవరైనా వాదిస్తే మీరు పట్టించుకోనక్కర్లేదు. ఫోన్లో ఉన్నదాన్నే వాడండి, అప్‌డేట్ అడిగినప్పుడు కానివ్వండి. దొంగలు దూరే కన్నాలు కనబడినప్పుడల్లా పూడ్చి పంపేవే ఆ అప్‌డేట్లు.

ఇప్పుడు మీరు పొరబడడానికి కారణం. ఒకప్పుడు బ్రౌజర్లలో పైన రెండు గడులు ఉండేవి. ఒకటి చిరునామాకి, ఇంకొకటి వెతకడానికి. 2008 సెప్టెంబరులో గూగుల్ కంపెనీ సొంతంగా క్రోమ్ అనే బ్రౌజర్ తెచ్చి, రెండు గడుల్నీ కలిపి ఒక్కటి చేసింది. అందులో చిరునామా రాస్తే నేరుగా అక్కడికి వెళుతుంది, మామూలు మాటలు రాస్తే గూగుల్‌ని అడుగుతుంది. కంపెనీ ఒకటే, బొమ్మల రంగులూ దాదాపు అవే, తెరవగానే కనిపించేదీ గూగుల్ పేజీయే. ఇన్ని కలగలిపి పెట్టి, తేడా తెలియలేదని ఇంట్లో పెద్దవాళ్ళ మీద విసుక్కోవడం న్యాయం కాదు. ఈ మాట మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి.

ఈ పోస్టుమాన్ ఎప్పుడు పుట్టాడో రెండు ముక్కల్లో చెబుతాను. జెనీవా దగ్గర సెర్న్ అనే పెద్ద పరిశోధన సంస్థ ఉంది. అక్కడ రకరకాల కంప్యూటర్లు, దేని సమాచారం దానిలోనే ఉండిపోయేది. ఏ కంప్యూటర్ నుంచైనా ఏ కాగితమైనా చదవగలగాలని టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంజినీరు 1990లో మొదటి బ్రౌజర్ రాశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ విద్యను ప్రపంచంలో ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని రాసిచ్చేసింది. ఈ రోజు మీరు పైసా కట్టకుండా బ్రౌజర్ వాడుతున్నారంటే దానికి మూలం ఆ కాగితమే. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. మొదట ఇచ్చిన నగరాల్లో మనదీ ఉంది. అప్పటికి ఇంకా మద్రాసే.

ఇక తిరుమల గది విషయం. మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టింది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పోస్టుమాన్ ఉత్తరం తెస్తాడు, చదువుతాడు. అందులో రాసింది నిజమా అబద్ధమా అన్నది అతని పని కాదు. బ్రౌజరూ అంతే. చాలా పేరుపడ్డ మోసపు సైట్లు కొన్నింటికి ఎర్ర తెర చూపించి ఆపుతుంది గానీ, నిన్న రాత్రి పుట్టిన దొంగ సైటుని అది గుర్తుపట్టకపోవచ్చు. శ్రీవారి బొమ్మ, టీటీడీ గుర్తు, గోపురం ఫొటో, వీటిని ఎవరైనా తెచ్చి తమ పేజీలో అతికించుకోవచ్చు. పేజీలో ఉన్నవన్నీ నకలు చేయవచ్చు. నకలు చేయడానికి వీలుకానిది ఒక్కటే, పైనున్న చిరునామా. ఒక చిరునామా ఒక్కరికే ఉంటుంది. అందుకే పేజీ ఎంత అందంగా ఉన్నా ముందు పైనున్న ఆ చిరునామా చదవాలి.

ఎలా చదవాలి? కవరు మీద చిరునామా మనం రాసేటప్పుడు పేరు, ఇంటి నంబరు, వీధి, పేట, ఊరు, చివర పిన్‌కోడ్ అని రాస్తాం. పోస్టాఫీసులో విడదీసేవాళ్ళు మాత్రం కింది నుంచి చూస్తారు. మీ పెరంబూరు పిన్‌కోడ్ 600011. ముందు 6 చూడగానే ఇది దక్షిణాదిలో తమిళనాడు, కేరళ వైపు అని తెలిసిపోతుంది. కావలి ఉత్తరమైతే 5తో మొదలవుతుంది. ఆ తర్వాతే ఊరు, పేట, చివరికి మనిషి పేరు. బ్రౌజర్ చిరునామా కూడా అలాగే కుడి నుంచి ఎడమకు చదవాలి. అసలు బరువంతా కుడి చివరలో ఉంటుంది.

టీటీడీ అసలు సైటు చిరునామా ఇది: టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటుంది, 'టీటీ' తర్వాత ఇంకో డి ఉండదు, దేవస్థానంలోని డియే అక్కడికి సరిపోతుంది. కుడి నుంచి చదవండి. ఇన్ అంటే ఇండియా. గవ్ అంటే ప్రభుత్వం. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాత దేవస్థానం. 'గవ్ డాట్ ఇన్' అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ ఇవ్వరు. డబ్బులిచ్చినా కొనుక్కోవడం కుదరదు.

దొంగలు ఈ సంగతి తెలిసే మాయ చేస్తారు. 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని మొత్తం రాసి, దాని వెనకాల ఇంకో చుక్క పెట్టి 'ఫలానా డాట్ కామ్' అని తగిలిస్తారు. ఎడమ నుంచి చదివేవాళ్ళకు అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. కుడి నుంచి చదివితే దాని అసలు ఊరు 'ఫలానా డాట్ కామ్' అని వెంటనే తెలిసిపోతుంది. ఇంకొందరు చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత పెడతారు. అడ్డగీతతో ఉన్న 'గవ్' ఒట్టి అలంకారమే, దానికి విలువ లేదు. మొదట్లో 'హెచ్‌టీటీపీఎస్' పక్కన వచ్చే రెండు ఏటవాలు గీతల్ని వదిలేయండి, ఆ తర్వాత చిరునామాలో ఇంకో ఏటవాలు గీత కనబడితే అక్కడితో ఆగి, అక్కడి నుంచే కుడి చివర లెక్కపెట్టండి. దాని తర్వాత ఉన్నది ఆ ఇంట్లో ఏ గది అని చెప్పే ముక్క మాత్రమే, అక్కడ ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. ఫోన్ తెర చిన్నది కాబట్టి చిరునామా సగమే కనబడుతుంది. దాని మీద ఒకసారి వేలు పెడితే మొత్తం కనిపిస్తుంది.

బ్యాంకులకు కూడా ఇప్పుడు ఇలాంటి ముగింపు ఒకటి వచ్చింది. 'బ్యాంక్ డాట్ ఇన్'. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపల దీనికి మారాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఆ చిరునామాలు ఇచ్చేది హైదరాబాదులో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, వేరే ఎవరి దగ్గరా దొరకవు. మీ పెన్షన్ వచ్చే బ్యాంకు సైటు కుడి చివర ఇలా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

అయితే ఈ కొలత అన్నిటికీ సరిపోదు, అది కూడా నిజాయితీగా చెప్పాలి. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీ 'కో డాట్ ఇన్'తో ముగుస్తుంది. మన ఈబీ సైటు చాలాకాలంగా 'డాట్ ఆర్గ్'తో ఉంది. ఈ ముగింపులు ఎవరైనా కొనుక్కోగలిగినవే. ఇలాంటివాటికి మీ పాత రసీదు మీద అచ్చయిన చిరునామా చూసి అక్షరం అక్షరం రాసుకోవడమే దారి. టీటీడీది ఏ సందేహం ఉన్నా టి.నగర్‌లో వెంకటనారాయణ రోడ్డు మీద దేవస్థానంవాళ్ళ గుడి, సమాచార కేంద్రం ఉన్నాయి కదా, ఈసారి దర్శనానికి వెళ్ళినప్పుడు అక్కడే అడగవచ్చు.

మీరు నొక్కిన మొదటి లింకు బహుశా ప్రకటన అయి ఉంటుంది. వెతికినప్పుడు పైన వచ్చేవాటి మీద చిన్న అక్షరాలతో 'స్పాన్సర్డ్' అని ఉంటే, అది డబ్బు కట్టి ముందుకు వచ్చినదని అర్థం. మొదట కనిపించింది కాబట్టి అసలుదని అనుకోకూడదు. ఇంకో గుర్తు కూడా చెబుతాను. ఇంట్లో కూర్చుని చేసుకునే టీటీడీ గది బుకింగ్ దేవస్థానంవాళ్ళ సొంత సైట్లోనో యాప్‌లోనో జరుగుతుంది. వాట్సాప్‌లో మాటలు కలిపి, ఒక మనిషి పేరు మీదున్న యూపీఐకి డబ్బు వేయమని దేవస్థానం అడగదు. మీ పక్కింటి అమ్మాయి చేసింది చాలా పెద్ద సాయం. ఒకవేళ ఎప్పుడైనా డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, ఆ నిమిషమే 1930 నంబరుకు ఫోన్ చేయండి. సైబర్ మోసాల కోసమే పెట్టిన నంబరు అది. డబ్బు దొంగ చేతికి అందేలోపు ఆపాలంటే ప్రతి నిమిషం విలువైనదే.

చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే క్షేమమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అది సగం నిజం. తాళం ఉందంటే మీకూ ఆ సైటుకూ మధ్య ఉత్తరం కార్డు మీద కాకుండా అతికించిన కవర్లో వెళుతోందని అర్థం, దారిలో ఎవరూ చదవలేరు. కానీ కవరు దొంగ ఇంటికి కూడా వెళ్ళవచ్చు కదా. దొంగ సైట్లకీ తాళం ఉంటోందని, జనం దాన్ని తప్పుగా నమ్ముతున్నారని 2023లో క్రోమ్ ఆ బొమ్మే మార్చేసింది. ఇప్పుడు మీకు అక్కడ రెండు చిన్న గీతలు, వాటి మీద సున్నాల్లాంటివి కనిపిస్తాయి.

ఒకసారి సరైన చిరునామాకి చేరాక మళ్ళీ మళ్ళీ వెతకొద్దు. మూడు చుక్కలు నొక్కితే పైన నక్షత్రం బొమ్మ ఉంటుంది, దాన్ని తాకితే ఆ పేజీ బుక్‌మార్కుల్లో, అంటే మీరు గుర్తుపెట్టుకున్న పేజీల జాబితాలో, చేరి ఉంటుంది. ఇంకా తేలిక కావాలంటే అదే చోట 'యాడ్ టు హోమ్ స్క్రీన్' ఉంటుంది. అది నొక్కితే ఫోన్ ముందు తెర మీదే ఆ సైటుకు ఒక బొమ్మ వచ్చి కూర్చుంటుంది. నేను మా వీధిలో పెద్దవాళ్ళకు ఫోన్ వాడకం నేర్పేటప్పుడు మొదటి రోజు చేయించే పని ఇదే. ఆ తర్వాత వాళ్ళు వెతుకులాటకు వెళ్ళడం బాగా తగ్గిపోతుంది, మోసపోయే అవకాశమూ తగ్గుతుంది.

ఇప్పుడు వైరస్ మాట. ఒక సైటు మీ ఫోన్ లోపలికి దూరి వైరస్ ఉందో లేదో చూడలేదు. దానికి ఆ అధికారమే లేదు. కాబట్టి ఆ మాట అబద్ధం. అయినా రోజూ ఎందుకు వస్తోందంటే, ఎప్పుడో ఒక పేజీ తెరిచినప్పుడు 'నోటిఫికేషన్లు పంపవచ్చా?' అని అడిగి ఉంటుంది, అడ్డు తొలగితే చాలని మీరు 'అలవ్' నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకు మీ ఇంటి కాలింగ్ బెల్ ఇచ్చేసినట్టయింది. పేజీ మూసేసినా అది బెల్ కొడుతూనే ఉంటుంది. తీసేయడం కష్టం కాదు. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల పేర్లు వరసగా ఉంటాయి. మీకు తెలియని ప్రతి పేరూ తాకి 'బ్లాక్' చేసేయండి. నన్నడిగితే అక్కడ ఒక్క సైటుకు కూడా అనుమతి అవసరం లేదు. నేను చూసిన పెద్దవాళ్ళ ఫోన్లలో వైరస్ అన్నవన్నీ దాదాపు ఇవే. ఆ సందేశంలో ఇచ్చిన నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి, అది చెప్పిన యాప్ వేసుకోకండి. మీ తెరని వాళ్ళు చూసే యాప్ ఒకటి వేయించి, బ్యాంకు తెరిపించడం వాళ్ళ పద్ధతి.

బ్రౌజింగ్ సెంటర్ మాట ఎత్తారు కదా. నెట్ సెంటర్‌ని ఇక్కడ మనవాళ్ళూ తమిళులూ అందరూ బ్రౌజింగ్ సెంటర్ అనే అంటారు కాబట్టి మీకు అలా అనిపించడంలో తప్పేమీ లేదు. ప్రింట్ల కోసం ఇప్పటికీ వెళ్ళాల్సి వస్తుంది. రెండేళ్ళ క్రితం నేను అలాంటి ఒక సెంటర్లో కూర్చుని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. నా ఫైలు కోసం చూస్తే ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఆధార్ ఫైళ్ళు, పాన్ కార్డులు, ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంట్ కనిపించాయి. నెలల తరబడి అలాగే పడి ఉన్నాయి. ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది నిజమే. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే కదా. పక్కనే అదే మనిషి పాన్ కార్డు ఉంటే ఆ రెండూ దాని మీదే రాసి ఉంటాయి. ఓనర్‌ని పిలిచి చూపించి, అవన్నీ చెరిపించేదాకా నేను కదల్లేదు.

అందుకని అక్కడికి వెళితే ఈ కాస్త గుర్తుపెట్టుకోండి. 'ఇన్‌కాగ్నిటో' అనే కిటికీ తెరవమనండి. అందులో చూసినవి మూసేయగానే ఆ కంప్యూటర్ మరిచిపోతుంది, మీ లాగిన్ తర్వాతివాళ్ళకు కనబడదు. కానీ డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం ఇన్‌కాగ్నిటోలో చేసినా అక్కడే ఉండిపోతుంది. ప్రింట్ రాగానే ఆ ఫైలు చెరిపించి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీయించి అప్పుడు లేవండి. 'పాస్‌వర్డ్ సేవ్ చేయనా?' అని అడిగితే వద్దనండి. ఆధార్‌లో చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ దొరుకుతుంది, చాలా పనులకు అది సరిపోతుంది. బ్యాంకు పని మాత్రం అక్కడ అస్సలు వద్దు. మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే ప్రోగ్రాం ఆ కంప్యూటర్లో ఉందో లేదో మనం చూసి కనిపెట్టలేం. ఇన్‌కాగ్నిటో అంటే ఎవరికీ కనబడమని కూడా అనుకోకండి, మీరు వెళ్ళిన సైటుకూ నెట్ ఇచ్చేవాళ్ళకూ తెలుస్తూనే ఉంటుంది.

కుక్కర్ సంగతి. గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు కదా, మళ్ళీ వచ్చి చూపిస్తే మన చెప్పులు మనకిస్తారు. సైట్లు కూడా మీ బ్రౌజర్ చేతిలో అలాంటి టోకెన్ ఒకటి పెడతాయి. దాని పేరు కుకీ. 1994 నుంచి ఉంది ఈ పద్ధతి. అది లేకపోతే ఒక్కో పేజీకి మళ్ళీ మళ్ళీ లాగిన్ కావాలి. చిక్కంతా ఎక్కడంటే, ప్రకటనల కంపెనీ కూడా ఆ షాపు పేజీలో కూర్చుని మీకు తన టోకెన్ ఒకటి ఇస్తుంది. మీరు వార్తలు చదవడానికి ఇంకో సైటుకు వెళితే అక్కడా అదే కంపెనీ ఉంటుంది, టోకెన్ చూసి "ఓహో, కుక్కర్ చూసినావిడ" అని గుర్తుపడుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ దగ్గర 'డిలీట్ బ్రౌజింగ్ డేటా' నొక్కి కుకీలు తుడిచేస్తే చాలావరకు ఆగుతుంది. ఆ తర్వాత కొన్ని సైట్లలో మళ్ళీ లాగిన్ కావాల్సి వస్తుంది, కంగారు పడకండి.

ఇక మీవారి పాత కంప్యూటర్ సంగతి. ఆ నీలం 'ఈ' ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. 1995లో మొదలైంది, 2022 జూన్ 15తో మైక్రోసాఫ్ట్ దానికి సెలవిచ్చేసింది. పేజీలు రాసే పద్ధతులు మారిపోయాయి, ఆ పాత పోస్టుమాన్‌కి ఈ కొత్త రాత చదవడం రాదు, అందుకే పేజీ చెదిరిపోతోంది. కంప్యూటర్లో విండోస్ 7 ఉందేమో చూడమనండి. అదైతే 2020లోనే దానికి మరమ్మతులు ఆగిపోయాయి, 2023 నుంచి కొత్త క్రోమ్ కూడా దాని మీద రావడం లేదు. బ్యాంకు, పెన్షన్ పనులు అందులో చేయకండి. కానీ పారేయకండి. ఆయన దాచిన ఫొటోలు, పాటలు ఉంటే నెట్ తీసేసి హాయిగా చూసుకోవచ్చు, వినవచ్చు. ఒక కాపీ మాత్రం మీ అబ్బాయి చేత పెన్‌డ్రైవ్‌లో తీయించి పెట్టుకోండి.

మీరు నేరుగా అడగకపోయినా, తమిళం చదవలేనన్న మాటకి నా దగ్గర ఒక మంచి కబురుంది. తమిళ పేజీ తెరిచినప్పుడు క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి 'ట్రాన్స్‌లేట్' తాకండి. కింద వచ్చే పట్టీలో భాషల జాబితా ఉంటుంది, తెలుగు ఎంచుకోండి. పేజీ మొత్తం తెలుగులోకి మారుతుంది. ఒకప్పుడు తెలుగు పత్రిక ఒకటి కంప్యూటర్లో చదవాలంటే వాళ్ళ ఫాంటు విడిగా దించుకోవాల్సి వచ్చేది, లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గీతలు కనిపించేవి. అలాంటిది ఇవాళ తమిళ నోటీసు తెలుగులో చదువుకోగలుగుతున్నామంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. అనువాదం అక్కడక్కడా తడబడుతుంది, పేర్లు తిరగేస్తుంది. బొమ్మగా పెట్టిన అక్షరాల్ని మార్చదు. సర్వీసు నంబరు, డబ్బు అంకెలు మాత్రం అసలు పేజీలో సరిచూసుకోండి. ఈసారి ఈబీ బిల్లు వచ్చినప్పుడు ఇది చేసి చూడండి.

ఇక మీ అబ్బాయి. ఫోన్లో "ఎక్కడున్నావమ్మా, ఏం కనిపిస్తోంది?" అని అతను అడిగినప్పుడు బొమ్మలు, రంగులు చెప్పకండి. పైనున్న గడి తాకి, చిరునామా కుడి చివర నుంచి చదివి చెప్పండి. "ఇన్, గవ్, ఏపీ" అని మీరు మొదలుపెట్టగానే మీరెక్కడున్నారో అతనికి తెలిసిపోతుంది. ఈ వారం ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని మొదటి పేజీలో మూడు చిరునామాలు ఇంగ్లీషు అక్షరాలతో అతని చేత చెప్పించుకుని రాసుకోండి: టీటీడీది, మీ బ్యాంకుది, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం పనికొచ్చే జీవన్‌ప్రమాణ్ డాట్ గవ్ డాట్ ఇన్. నాలుగోది ఈబీది, పాత రసీదు చూసి మీరే రాయండి.